నడుస్తున్న ప్రాసెస్ ఎంత మెమరీ తింటోంది? పీఎస్, టాప్, ప్రాక్, పీమ్యాప్‌లలో దేన్ని అడగాలి

సర్వర్‌లో మెమరీ నిండిపోతోందని అలర్ట్ వస్తుంది. ఫలానా ప్రాసెస్ మీదే అనుమానం. ప్రాసెస్‌ల జాబితా ఇచ్చే పీఎస్ కమాండ్ ఒక అంకె చెబుతుంది, ఒక ప్రాసెస్ మెమరీని ముక్కలవారీగా చూపే పీమ్యాప్ ఇంకొకటి చెబుతుంది, కంటైనర్ లెక్క ఈ రెండింటికీ కుదరదు. అప్పుడు చాలామంది చేసే పని మరో టూల్ ఇన్‌స్టాల్ చేయడం. దాంతో నాలుగో అంకె చేతికొస్తుంది, అంతే.

లినక్స్‌లో ఈ టూల్స్ అన్నీ దాదాపు ఒకే బావిలో నీళ్లు తోడుకుంటాయి. ఆ బావి /ప్రాక్ డైరెక్టరీ. ప్రతి ప్రాసెస్‌కూ దాని పిడ్ (ప్రాసెస్ నంబర్) పేరుతో అక్కడ ఒక ఫోల్డర్ ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్ తన లెక్కలను అందులోని ఫైళ్ల రూపంలో చూపిస్తుంది. పీఎస్, టాప్, పీమ్యాప్ అన్నీ వాటినే చదివి తలో రకంగా చూపిస్తాయి. కాబట్టి ఏ టూల్ మంచిదన్న చర్చకన్నా ముందు ఏ అంకె కావాలో తేల్చుకోవాలి. అది తేలితే టూల్ తనంతట తానే తేలిపోతుంది.

ముందు అంకెల సంగతి

విఎస్‌జెడ్ అనేది ప్రాసెస్ తన పేరిట రాయించుకున్న అడ్రస్ స్పేస్ మొత్తం. టాప్‌లో దీన్నే విర్ట్ అంటారు. రాయించుకున్నదంతా వాడుతున్నట్టు కాదు. ప్రోగ్రాంలకు మెమరీ కేటాయించి ఇచ్చే జీలిబ్‌సీ లైబ్రరీలోని మాలక్‌నే చూడండి. 64 బిట్ మెషీన్ మీద థ్రెడ్లు పెరిగేకొద్దీ అది కొత్త అరీనాలు (కేటాయింపులకు వాడే విడి మెమరీ గుంటలు) తెరుస్తుంది, ఒక్కో అరీనాకు 64 ఎంబీ అడ్రస్ స్పేస్ పక్కన పెడుతుంది. మామూలుగా కోర్‌కు ఎనిమిది చొప్పున అరీనాలు తెరిచే వీలుంది. పదహారు కోర్ల మెషీన్ మీద ఎన్నో థ్రెడ్లున్న ప్రోగ్రాం ఏ పనీ చేయకుండానే విఎస్‌జెడ్‌లో అనేక జీబీలు చూపించగలదు. మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌తో కంపైల్ చేసిన ప్రోగ్రాం అయితే టెరాబైట్లలోనే చూపిస్తుంది. అందుకే విఎస్‌జెడ్ మీద అలర్ట్ పెట్టకండి. యూలిమిట్‌తో అడ్రస్ స్పేస్‌కు హద్దు పెట్టినప్పుడో, ఓవర్‌కమిట్‌ను (ఉన్నదానికన్నా ఎక్కువ మెమరీకి మాటిచ్చే అలవాటును) కఠినంగా బిగించినప్పుడో, ప్రాసెస్ 32 బిట్‌ది అయినప్పుడో తప్ప దానితో మనకు పెద్దగా పని పడదు.

ఆర్ఎస్ఎస్ అంటే ఈ క్షణాన నిజంగా ర్యామ్‌లో ఉన్న పేజీలు, అంటే కెర్నెల్ మెమరీని కోసుకునే చిన్న ముక్కలు. టాప్‌లో పేరు రెస్. అందరూ చూసేది దీన్నే, పొరబడేదీ దీని దగ్గరే. షేర్డ్ లైబ్రరీలు, మ్యాప్ చేసిన ఫైళ్లు, షేర్డ్ మెమరీ, ఫోర్క్ (ప్రాసెస్ తన నకలును పుట్టించడం) తర్వాత తల్లి ప్రాసెస్‌తో పంచుకున్న పేజీలు అన్నీ ఇందులో పూర్తి విలువతో కలిసిపోతాయి. ఒక తల్లి ప్రాసెస్, అది ఫోర్క్ చేసిన నలుగురు వర్కర్లు ఉన్నారనుకోండి. ఐదుగురి మధ్యా ఉమ్మడిగా 200 ఎంబీ, ఒక్కొక్కరికీ సొంతంగా 40 ఎంబీ. పీఎస్ ప్రతి వరుసలోనూ 240 చూపిస్తుంది. కూడితే 1200. ర్యామ్‌లో నిజంగా పోయింది 400 మాత్రమే. పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌లో ఈ తేడా ఇంకా వికారంగా ఉంటుంది. షేర్డ్ బఫర్లలో తాను ముట్టుకున్న ప్రతి పేజీనీ ఒక్కో బ్యాకెండ్ (ఒక కనెక్షన్‌కు పనిచేసే ప్రాసెస్) తన ఆర్ఎస్ఎస్‌లో వేసుకుంటుంది. మొత్తం కూడితే మెషీన్‌లో ఉన్న ర్యామ్‌ను మించిపోయిన సందర్భాలు కొత్తేమీ కాదు.

పీఎస్ఎస్ ఈ తప్పును సరిచేస్తుంది. ఉమ్మడి పేజీని ఎంతమంది వాడుతుంటే అన్ని భాగాలు చేసి పంచుతుంది. పై ఉదాహరణలో ఒక్కొక్కరికీ సొంతానివి 40, ఉమ్మడి 200లో వాటా 40, అంటే 80. ఐదుగురివి కూడితే సరిగ్గా 400. ఒక సర్వీస్‌కు చెందిన ప్రాసెస్‌లన్నీ కలిపి ఎంత తింటున్నాయన్న ప్రశ్నకు కూడి చెప్పదగిన అంకె ఇదొక్కటే. యూఎస్ఎస్ అంటే అచ్చంగా సొంతానిది, అంటే ఇక్కడ 40. ఈ ప్రాసెస్‌ను చంపేస్తే ఎంత ఖాళీ అవుతుందని అడిగితే జవాబు అది.

ఇక స్వాప్, అంటే ర్యామ్ చాలనప్పుడు పేజీలను దాచే డిస్క్ చోటు. ఆర్ఎస్ఎస్ తగ్గిందంటే ప్రోగ్రాం మెమరీ వదిలేసిందని అర్థం కాదు. కెర్నెల్ ఆ పేజీలను డిస్క్‌కు నెట్టి ఉండొచ్చు. స్వాప్ ఆన్‌లో ఉన్న మెషీన్ మీద ఆర్ఎస్ఎస్ గ్రాఫ్ ఒక్కదాన్నే చూసి లీక్ (పని అయిపోయిన మెమరీని ప్రోగ్రాం వదలకపోవడం) లేదని తీర్పు ఇవ్వకూడదు.

పీఎస్, టాప్: చేతికి అందేవి

ఒక్కసారి చూసి వదిలేయడానికి పీఎస్ చాలు. మైనస్ ఓ ఆప్షన్‌తో పిడ్, ఆర్ఎస్ఎస్, విఎస్‌జెడ్, కమాండ్ పేరు అడిగితే ఒక్క వరుసలో వచ్చేస్తాయి. అంకెలు కిలోబైట్లలో ఉంటాయి, అంటే 1024 బైట్లకు ఒకటి. కాలమ్ పేరు పక్కన సమానం గుర్తు పెడితే హెడింగ్ రాదు. స్క్రిప్ట్‌లలో ఇది బాగా పనికొస్తుంది. ఆర్ఎస్ఎస్ పెద్దది ముందు వచ్చేలా సార్ట్ చేయమని కూడా పీఎస్‌నే అడగొచ్చు, దానికి వేరే పైప్ అక్కర్లేదు. తెలియని మెషీన్‌లోకి లాగిన్ అయినప్పుడు నేను ముందు కొట్టే కమాండ్ ఇదే. దీనికి మించిన తీర్పు మాత్రం పీఎస్ నుంచి ఆశించను.

కళ్లెదుట కదిలే అంకెలు కావాలంటే టాప్. పిడ్ ఇచ్చి ఆ ఒక్క ప్రాసెస్‌నే చూడొచ్చు. పెద్ద ఎం నొక్కితే మెమరీ వరుసలో సర్దుతుంది, చిన్న ఈ నొక్కితే కేబీలు ఎంబీలవుతాయి. టాప్‌లో నాకు నచ్చే చిన్న చిట్కా ఒకటుంది. రెస్‌లోంచి షర్ తీసేయండి. మిగిలేది దాదాపుగా యానానిమస్ మెమరీ, అంటే హీప్, స్టాక్ లాంటివి. షర్ కాలమ్ పేరు చూసి అదంతా ఇతరులతో పంచుకుంటున్నదే అనుకోవద్దు. ఫైలుకో, షేర్డ్ మెమరీకో కట్టిన పేజీలన్నీ అందులోకే వస్తాయి, వాడేది ఈ ప్రాసెస్ ఒక్కటే అయినా సరే.

హెచ్‌టాప్ చూడ్డానికి అందంగా ఉంటుంది, కానీ కొత్తవాళ్లను ఒక దగ్గర బోల్తా కొట్టిస్తుంది. థ్రెడ్లను కూడా విడివిడి వరుసలుగా చూపించి, ప్రతి వరుసలోనూ అదే మెమరీ వేస్తుంది. 2 జీబీ ప్రాసెస్‌కు ముప్పై థ్రెడ్లుంటే ముప్పైసార్లు 2 జీబీ కనిపిస్తుంది. పెద్ద హెచ్ నొక్కితే ఆ థ్రెడ్లు దాక్కుంటాయి. కొత్త వెర్షన్ల టాప్‌లోనూ, హెచ్‌టాప్‌లోనూ పీఎస్ఎస్ కాలమ్‌ను కలుపుకోవచ్చు. అయితే దాని ఖర్చు దానికుంది, ఆ మాట కిందికి వస్తోంది.

స్టేటస్ ఫైలు: నా ఓటు దీనికే

ఒక్కటే నేర్చుకోవాలంటే /ప్రాక్‌లో ఆ పిడ్ ఫోల్డర్‌లోని స్టేటస్ ఫైలును చదవడం నేర్చుకోండి. ఏ ప్యాకేజీ అక్కర్లేదు. పీఎస్ కూడా లేని బక్కచిక్కిన కంటైనర్‌లో క్యాట్ ఉంటే చాలు. మామూలు సెటప్‌లో ఇతరుల ప్రాసెస్‌లదీ చదవొచ్చు, రూట్ అవసరం లేదు. ఇలాంటి వరుసలు కనిపించాయనుకోండి:

విఎం హెచ్‌డబ్ల్యూఎం: 1874320 కేబీ
విఎం ఆర్ఎస్ఎస్: 912448 కేబీ
ఆర్ఎస్ఎస్ యానాన్: 846200 కేబీ
ఆర్ఎస్ఎస్ ఫైల్: 41176 కేబీ
ఆర్ఎస్ఎస్ షెమ్: 25072 కేబీ
విఎం స్వాప్: 318004 కేబీ

పీఎస్ ఇందులో రెండో వరుసను మాత్రమే చూపించి ఊరుకునేది. దాదాపు 890 ఎంబీ, ఫర్వాలేదు అనుకుని వెళ్లిపోయేవాళ్లం. మొదటి వరుస చెప్పేది వేరు. ఈ ప్రాసెస్ ఎప్పుడో ఒకప్పుడు 1.8 జీబీ దాకా ఎగబాకింది. రాత్రి పూట నడిచే ఏదో జాబ్‌లోనో, పెద్ద రిక్వెస్ట్ ఒకటి వచ్చినప్పుడో ఆ శిఖరం తగిలి ఉంటుంది. మనం చూడనప్పుడు జరిగినదాన్ని కెర్నెల్ గుర్తు పెట్టుకోవడం ఎంత మేలో చెప్పలేను. ఆ గుర్తును చెరిపి కొత్తగా కొలవాలంటే అదే ఫోల్డర్‌లోని క్లియర్ రెఫ్స్ ఫైలులోకి 5 అని రాయాలి. లినక్స్ 4.0 నుంచి ఈ వీలుంది.

మూడు, నాలుగు, ఐదు వరుసలు కూడితే రెండోది వస్తుంది. యానాన్ అంటే పైన చెప్పిన యానానిమస్ మెమరీ, షెమ్ అంటే షేర్డ్ మెమరీ. ఈ విడదీత 4.5 కెర్నెల్ నుంచి ఉంది. ఫైల్ భాగం పెరిగితే గాబరా పడక్కర్లేదు. ర్యామ్ అవసరమైనప్పుడు కెర్నెల్ ఆ పేజీలను వదిలేసి, కావాలంటే డిస్క్ నుంచి మళ్లీ తెచ్చుకోగలదు. యానాన్ భాగానికి ఆ వెసులుబాటు లేదు, స్వాప్‌కు పోవాలి లేదా ఉన్నచోటే ఉండాలి. అందుకే లీక్ వెంట పడేటప్పుడు నేను రాసుకునేది యానాన్, స్వాప్‌ల మొత్తం. ఇక్కడది 1164204 కేబీ, అంటే 1.1 జీబీకి పైమాటే. పీఎస్ చూపించినదానికన్నా పావు వంతుకు పైగా ఎక్కువ.

లోపాలూ ఉన్నాయి. ఈ ఫైలులోని ఆర్ఎస్ఎస్ అంకెలు కొద్దిగా అటూ ఇటూ ఉండొచ్చని, వేగం కోసం కెర్నెల్ అలా సర్దుకుంటుందని మాన్యువల్ పేజీయే చెబుతుంది. అంతకన్నా పెద్ద లోపం, ఇందులో పీఎస్ఎస్ ఉండదు. హ్యూజ్ పేజీలను (మామూలు వాటికన్నా చాలా పెద్ద పేజీలను) హ్యూజ్‌టీఎల్‌బీ పద్ధతిలో కేటాయించుకున్న డేటాబేస్‌లైతే ఆ మెమరీ అసలు ఆర్ఎస్ఎస్‌లోకే రాదు. స్టేటస్ ఫైలులోనే దానికి వేరే వరుస ఉంటుంది, అక్కడ చూడాలి.

పీఎస్ఎస్ కావాలంటే

పీఎస్ఎస్‌ను ఎస్‌మ్యాప్స్ ఫైలు ఇస్తుంది. అందులో ఒక్కో మ్యాపింగ్‌కు ఇరవై చిల్లర వరుసలు, మొత్తం వేల వరుసలు. వాటన్నిటినీ కూడి ఒకే బొత్తిగా ఇచ్చే ఎస్‌మ్యాప్స్ రోలప్ ఫైలు 2017లో 4.14 కెర్నెల్‌తో వచ్చింది. ఒక్క ప్రాసెస్ పీఎస్ఎస్ కావాలంటే దాన్ని క్యాట్ చేస్తే సరిపోతుంది. ప్రైవేట్ క్లీన్, ప్రైవేట్ డర్టీ రెండూ కూడితే యూఎస్ఎస్ కూడా చేతికొస్తుంది.

అన్ని ప్రాసెస్‌లకూ ఒకేసారి పట్టిక కావాలంటే ఎస్‌మెమ్ బాగుంటుంది. పైథాన్‌లో రాసిన ఈ చిన్న టూల్ స్వాప్, యూఎస్ఎస్, పీఎస్ఎస్, ఆర్ఎస్ఎస్ నాలుగూ పక్కపక్కన పెడుతుంది. యూజర్ వారీగా కూడా కూడి చూపిస్తుంది. ఒకే సర్వీస్‌కు ప్రత్యేకంగా యూజర్ ఉన్న మెషీన్ మీద ఒక్క కమాండ్‌తో పని అయిపోతుంది.

షరతులు రెండు. ఇతరుల ప్రాసెస్‌ల ఎస్‌మ్యాప్స్ చదవాలంటే సుడో కావాలి. సుడో మర్చిపోతే ఎస్‌మెమ్ మన ప్రాసెస్‌ల లెక్కే చూపిస్తుంది, మిగతావి పట్టికలోకి రావు. రెండోది ఖర్చు. పీఎస్ఎస్ లెక్క కట్టాలంటే కెర్నెల్ ఆ ప్రాసెస్ పేజీ టేబుళ్లన్నీ నడిచి రావాలి, ఆ నడకలో ప్రాసెస్ మెమరీ మ్యాప్ మీద లాక్ పట్టుకుంటుంది. చిన్న ప్రాసెస్‌కు తెలియను కూడా తెలియదు. వందల జీబీల డేటాబేస్ మీద ప్రతి ఐదు సెకన్లకూ దీన్ని చదివే మానిటరింగ్ ఏజెంట్ పెడితే, మెమరీ సమస్య వెతకబోయి లేటెన్సీ (ఆలస్యం) సమస్య తెచ్చుకున్నట్టవుతుంది. స్టేటస్ తరచుగా, రోలప్ ఎప్పుడో ఒకసారి. నేను పాటించే వాడుక ఇది.

పీమ్యాప్: ఎంత కాదు, ఎక్కడ

మొత్తం ఎంతో తెలిసింది, పెరుగుతోందనీ తెలిసింది. ఎక్కడ పెరుగుతోంది? ఇక్కడ పీమ్యాప్‌కు సాటి లేదు. మైనస్ ఎక్స్ ఇస్తే ప్రతి మ్యాపింగ్‌కు అడ్రస్, సైజు, ఆర్ఎస్ఎస్, డర్టీ, అనుమతులు, పేరు వస్తాయి. దాన్ని మూడో కాలమ్ మీద అంకెల వరుసలో సార్ట్ చేసి పై ఇరవై చూస్తే కథ సగం అర్థమవుతుంది. ఏదో లైబ్రరీయో, డేటా ఫైలో పైన కూర్చుంటే అది ఫైల్ మ్యాపింగ్. మైనస్ పెద్ద ఎక్స్ ఇచ్చినప్పుడు హీప్ అని కనిపించే వరుస పెద్దదైతే మాలక్ ప్రధాన అరీనా.

పేరు లేని యానాన్ వరుసలు జంటలుగా కనిపిస్తే మాత్రం ఆగి చూడండి. ఒకటి చదవడానికి, రాయడానికి అనుమతి ఉన్నది. దాన్ని ఆనుకుని ఏ అనుమతీ లేని మరొకటి. రెండింటి సైజులూ కూడితే ఖచ్చితంగా 65536 కేబీ. ఇవే పైన చెప్పిన 64 ఎంబీ అరీనాలు. ఇలాంటివి పదుల సంఖ్యలో ఉండి, ఒక్కోదానిలో 30, 40 ఎంబీ ఆర్ఎస్ఎస్ పేరుకుపోయి ఉంటే అది మీ కోడ్‌లో లీక్ కాకపోవచ్చు. ఫ్రీ చేసిన మెమరీని మాలక్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగి ఇవ్వకుండా అట్టే పెట్టుకుని ఉండొచ్చు. మాలక్ అరీనా మ్యాక్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 2కు తగ్గించి ప్రాసెస్‌ను మళ్లీ మొదలెడితే తేడా తెలుస్తుంది. రోజుల తరబడి హీప్ డంప్‌లు తవ్వే ముందు చేసి చూడాల్సిన పరీక్ష ఇది.

లీక్ అనుమానం ఉంటే పీమ్యాప్ అవుట్‌పుట్‌ను ఫైలులోకి తీసుకుని, గంట తర్వాత మళ్లీ తీసి, రెండింటికీ డిఫ్ కొట్టండి. పెరిగిన వరుసలే బయటపడతాయి. పీమ్యాప్‌లో మొత్తం ఎంతో చూడ్డానికి మాత్రం వెళ్లొద్దు. ఏ ఆప్షనూ ఇవ్వకపోతే చివరి వరుసలో వచ్చే టోటల్ విఎస్‌జెడ్‌దే, ఆర్ఎస్ఎస్ కాదు. చాలామంది భయపడేది ఆ అంకె చూసే.

కాలక్రమంలో ఎలా మారుతోందో చూడాలంటే సిస్‌స్టాట్ ప్యాకేజీలోని పిడ్‌స్టాట్ ఉంది. మైనస్ ఆర్ ఇచ్చి, పక్కన ఎన్ని సెకన్లకోసారో చెబితే ఆర్ఎస్ఎస్‌తో పాటు పేజీ ఫాల్ట్‌ల వేగం కూడా రాస్తూ పోతుంది. మేజర్ ఫాల్ట్‌లు ఆగకుండా వస్తుంటే ప్రాసెస్ డిస్క్ కోసం ఎదురుచూస్తోందన్నమాట. ఇంకా మొదలవ్వని ప్రోగ్రాం శిఖరమే కావాలంటే /యూఎస్ఆర్/బిన్‌లోని టైమ్‌ను మైనస్ వితో ముందు పెట్టి నడపండి. పూర్తి పాత్ ఇవ్వాలి, ఎందుకంటే షెల్‌లో అంతర్గతంగా ఉండే టైమ్‌కు ఈ విద్య రాదు.

కంటైనర్ లోపల లెక్కే వేరు

కంటైనర్‌ను చంపేది ప్రాసెస్ ఆర్ఎస్ఎస్ కాదు, సీగ్రూప్ (ప్రాసెస్‌లను గుంపుగా కట్టి కెర్నెల్ హద్దు పెట్టే ఏర్పాటు) లిమిట్. కాబట్టి అక్కడ చూడాల్సింది సీగ్రూప్ డైరెక్టరీలోని మెమరీ కరెంట్ ఫైలు. సిస్టమ్‌డి సర్వీస్ అయితే సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్‌లో మెమరీ అని కనిపించేది ఈ లెక్కే, పిల్ల ప్రాసెస్‌లతో సహా. ఇందులో పేజీ క్యాష్ (ఫైళ్ల నుంచి చదివినవాటిని కెర్నెల్ ర్యామ్‌లో దాచుకునే చోటు) కూడా కలుస్తుంది. లాగ్ ఫైళ్లు రాసే, పెద్ద ఫైళ్లు చదివే సర్వీస్‌కు ఈ అంకె పెరుగుతూ పోయి లిమిట్‌ను తాకుతూ ఉండటం సహజం. కెర్నెల్ ముందు ఆ క్యాష్‌ను పిండుకోవడానికే చూస్తుంది. అసలు ప్రమాదం ఉందా అని తెలుసుకోవాలంటే మెమరీ స్టాట్ ఫైలులో యానాన్ వరుసను లిమిట్‌తో పోల్చండి. ఇప్పటికే చంపేసిందా అన్నది మెమరీ ఈవెంట్స్‌లో ఊమ్ కిల్ (మెమరీ చాలక కెర్నెల్ ప్రాసెస్‌ను చంపడం) లెక్క చెబుతుంది.

ప్రాసెస్‌ల పీఎస్ఎస్ అంతా కూడినా సీగ్రూప్ అంకెకు చాలకపోతే /డెవ్/షెమ్ లాంటి టెంప్‌ఎఫ్ఎస్ ఫోల్డర్లను వెతకండి. అక్కడ పడేసిన ఫైళ్లు ర్యామ్ తింటాయి, కానీ ఎవరూ మ్యాప్ చేసుకోకపోతే ఏ ప్రాసెస్ ఖాతాలోనూ కనిపించవు. కంటైనర్ లోపల ఫ్రీ కమాండ్ కొట్టి ఉపయోగం లేదు, అది హోస్ట్ మెషీన్ లెక్క చెబుతుంది.

మ్యాక్‌లో /ప్రాక్ లేదు. అక్కడ పీఎస్‌తో ఆర్ఎస్ఎస్ చూడొచ్చు. లోతుకు దిగాలంటే విఎంమ్యాప్‌ను సమ్మరీ ఆప్షన్‌తో గానీ, ఫుట్‌ప్రింట్ కమాండ్‌ను గానీ వాడాలి. విండోస్‌లో టాస్క్‌లిస్ట్ చూపించేది వర్కింగ్ సెట్, ఆర్ఎస్ఎస్‌కు దగ్గరి చుట్టం. పవర్‌షెల్‌లో గెట్ ప్రాసెస్ అయితే ప్రైవేట్ మెమరీ కూడా విడిగా ఇస్తుంది.

ప్రాసెస్ ఇప్పటికే చచ్చిపోయి ఉంటే ఈ టూల్స్ ఏవీ పనికిరావు. ఊమ్ కిల్లర్ చంపిందనుకుంటే కెర్నెల్ లాగ్ చూపించే డీమెసేజ్‌లో ఆ వరుస దొరుకుతుంది. అందులో యానాన్, ఫైల్, షెమ్ భాగాలు చనిపోయిన క్షణంలో ఎంతెంత ఉన్నాయో విడివిడిగా రాసి ఉంటుంది. స్టేటస్ ఫైలు చదవడం అలవాటైనవాళ్లకు ఆ వరుస చూడగానే అర్థమవుతుంది.

కెర్నెల్ వైపు నుంచి కనిపించేది ఇక్కడితో సరి. యానాన్ పెరుగుతోందని, ఫలానా మ్యాపింగ్‌లోనని తేలాక, ఆ పేజీల్లో ఏ ఆబ్జెక్టులు ఉన్నాయో /ప్రాక్‌కు తెలియదు. జావా అయితే జావాతో వచ్చే జేసీఎండీ టూల్‌తో హీప్ స్థితి నడుస్తుండగానే అడగొచ్చు. నేటివ్ మెమరీ విడదీత కావాలంటే మాత్రం జేవీఎంను మొదలుపెట్టేటప్పుడే ఆ ట్రాకింగ్ ఆన్ చేసి ఉండాలి. పైథాన్‌లో కేటాయింపులను వెంబడించే ట్రేస్‌మాలక్‌దీ అదే తంతు, ఆన్ చేయక ముందు జరిగిన కేటాయింపులు దానికి కనిపించవు. సీ ప్రోగ్రాంలకు జీడీబీ డీబగ్గర్‌తో అటాచ్ అయి మాలక్ స్టాట్స్‌ను పిలిచేవాళ్లున్నారు. అటాచ్ అయిన క్షణంలో ఏదైనా థ్రెడ్ మాలక్ లాక్ పట్టుకుని ఉంటే ప్రాసెస్ అక్కడే బిగుసుకుపోతుంది. ప్రొడక్షన్‌లో ఆ పనికి పూనుకునే ముందు ట్రాఫిక్‌ను ఇంకో ఇన్‌స్టెన్స్‌కు మళ్లించుకోండి.